గుప్పెడు బియ్యం, రెండు మాటలు

మా నాయనమ్మ వంటింట్లో బియ్యానికి రెండు చోట్లుండేవి. మేం తినే బియ్యం మట్టి బానలో, గుడికిచ్చే బియ్యం డాల్డా డబ్బాలో. పసుపు రంగు మీద ఆకుపచ్చ చెట్టు బొమ్మ, ఒక పక్కన సొట్ట, చెంచా కాడ దూర్చి తిప్పితే గానీ రాని మూత. ఆ డబ్బా జోలికి పిల్లలం ఎవరం పోయేవాళ్లం కాదు. బెల్లం ఎక్కడ దాచినా వాసన పట్టే మా చిన్నాన్న కొడుకు కూడా దాన్ని ముట్టుకునేవాడు కాదు.

మాది రేపల్లె దగ్గర ఓ పల్లె. కాలవ గట్టు దిగాక, ఊరికి ఎడంగా మా పేట. అందరం లూథరన్లమే, అంటే ప్రొటెస్టెంటు క్రైస్తవుల్లో ఒక శాఖ. 1842లో మిషనరీ హేయర్ అయ్యగారు గుంటూరు రావడంతో మిషను మొదలైందని సండే స్కూల్లో మాకు బట్టీ పట్టించేవాళ్లు. అంతకన్నా మా పేటకి దగ్గర సంగతి ఆ తర్వాత పదమూడేళ్లకి జరిగింది. 1855కల్లా బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయి కృష్ణ నీళ్లు కాలవల్లోకి మళ్లాయి, మా వైపంతా వరిసీమ అయింది. పొలాలు మాత్రం మావి కాదు. ఊడ్పులకీ కలుపుకీ కోతలకీ పోతే కుంచంతో కూలి గింజలు కొలిచేవాళ్లు. ఆ వడ్లు దంచగా వచ్చిన బియ్యంలోంచే నాయనమ్మ పూటకి గుప్పెడు తీసేది.

తీసే పద్ధతి చెప్పాలి. చేటలో బియ్యం పోసుకుని రెండుసార్లు చెరిగి, రాళ్లూ మట్టిబెడ్డలూ ఏరేది. కడగబోయే ముందు కుడిచెయ్యి చేటలో పెట్టి గుప్పిట మూసేది. పైకెత్తి, వేళ్ల సందుల్లోంచి జారేవి జారిపోయేదాకా ఆగేది. అప్పుడు అరచెయ్యి తెరిచి ఓసారి పరకాయించి చూసేది. వడ్లగింజ కనబడితే గోటితో ఒలిచి మళ్లీ అందులోనే వేసేది. “దేవుడి బియ్యంలో రాయుంటే అయ్యగారి పన్ను ఊడిద్ది” అనేది. అయ్యగారంటే మా గుడి పాస్టరు. మళ్లీ గుప్పిట మూసి, ఒక మనిషిని తలుచుకుని, డబ్బాలో వదిలేది.

పూటకి ఒక్కరే. గుడి రిజిస్టర్లో రాసిన పేర్లతో ఆమెకి పనిలేదు, పేటలో పిలిచే పేర్లతోనే దేవుడికీ చెప్పేది.

“ప్రభువా, గంటలాయన దగ్గు.”

“ప్రభువా, పక్కింటిదాని కాన్పు.”

“ప్రభువా, పెద్దోడి తాగుడు.”

అంతే ప్రార్థన. దగ్గు తగ్గించాలా, కాన్పు సుఖంగా జరగాలా, ఆ ముక్క ఉండదు. “ఏం చెయ్యాలో చెప్పవేం నాయనమ్మా?” అని అడిగాను నేను. “ఆయనకి తెలుగొచ్చులేవే, మిగతాది ఆయన కలుపుకుంటాడు” అంది.

మేమూ పేర్లు అందించేవాళ్లం. లెక్కల పరీక్ష ముందు రోజు నేను వెళ్లి చేట పక్కన కూర్చునేదాన్ని. ఏమీ అడక్కుండానే “ప్రభువా, పిల్లదాని లెక్కలు” అనేది. మార్కులు ఎన్నొచ్చాయో ఆమె ఎప్పుడూ అడగలేదు. అది నాకు అప్పుడు హాయిగా ఉండేది.

ఒక్క మనిషి దగ్గర మాత్రం ఆమె ప్రార్థన తడబడేది. మా దడికి అవతల మేకలు కాసుకునే ఒకావిడ ఉండేది, మేకలమ్మ అనేవాళ్లం. ఆవిడ మేకలు వారానికోసారి దడి దూరి మా గోంగూర మడి మేసి పోయేవి. నాయనమ్మ దడి దగ్గర నిలబడి ఆవిడ ఏడు తరాలనీ ఏకరువు పెట్టేది. అవతలి నుంచి జవాబు కూడా ఏమీ తక్కువ వచ్చేది కాదు. పొద్దుగూకి చేట ముందు కూర్చున్నాక గుప్పిట మూసి “ప్రభువా, మేకలమ్మ” అనేది. ఆ తర్వాత రెండో మాట వచ్చేది కాదు. కాసేపు అలాగే ఉండి “సరే, మేకలమ్మ” అని విసుగ్గా డబ్బాలో వదిలేసేది. నేను నవ్వితే నెత్తిన ఒకటి మొట్టేది.

ఇదంతా రాయడానికి కారణం ఉంది. ఈ మధ్య ఏ కూడికకి వెళ్లినా, ఏ వాక్యం విన్నా దేవుని మీద దృష్టి నిలపడం గురించే చెబుతున్నారు. ఫోను పక్కన పెట్టండి, తెల్లవారుజామున లేవండి, గంటసేపు ఏకాంతంగా కూర్చోండి అంటున్నారు. మంచి మాటలే, కాదనను. కానీ మా నాయనమ్మకి ఏకాంతంగా కూర్చునే చోటు ఆ ఇంట్లో లేదు, గంట తీరిక ఆమె జీవితంలో లేదు. తొలికోడి కూసే వేళకి లేచి వండి, ఇంత మూటగట్టుకుని మడిలో దిగితే మోకాళ్ల లోతు బురదలో సాయంత్రం దాకా వంగిన నడుము. ఆమె ప్రార్థనని పనికి కట్టేసుకుంది. వంట ఎలాగూ తప్పదు. వంట తప్పదు కాబట్టి ఆ గుప్పెడూ తప్పదు. దేవుణ్ణి గుర్తు పెట్టుకోవడానికి మనసుని నమ్ముకోలేదు, చేతిని నమ్ముకుంది.

ఊడ్పుల్లోనూ అంతే. మొదటి నారుకట్ట విప్పేటప్పుడు ఒక పేరు. తర్వాత పాటే. మా వాళ్లు కీర్తనలు మడిలోనే నేర్చుకున్నారు. కీర్తనల పుస్తకంలో ప్రతి పాట నెత్తిన రాగం, తాళం అచ్చేసి ఉంటాయి. నాయనమ్మకి ఆ అక్షరాలు రావు గానీ రాగం తప్పితే పట్టేసేది. పట్నం నుంచి వచ్చిన కొత్త ఉపదేశిగారు గుళ్లో పాట ఎత్తుకుంటే ముందు వరసలోంచి గొంతు పెంచి సరైన దారిలోకి లాక్కొచ్చేది. పాపం ఆయన రెండు ఆదివారాలు బెట్టు చేసి, మూడో ఆదివారం నుంచి “మీరే ఎత్తండి అవ్వా” అన్నాడు.

చదువు రాకపోయినా బైబిల్లోని కీర్తనల గ్రంథంలోవి చాలా నోటికి వచ్చు. బైబిలమ్మ నేర్పింది. గొడుగూ, గుడ్డసంచీ పట్టుకుని పేటలన్నీ తిరిగే బైబిలు స్త్రీలని మా తరం వాళ్లు చివరిగా చూశామేమో. ఆవిడ ఒక వచనం చెప్పడం, పనులు చేసుకుంటూనే ఆడవాళ్లు తిరిగి చెప్పడం. నాయనమ్మకి ఇష్టమైంది 121వ కీర్తన. “కొండలతట్టు నా కన్నులెత్తుచున్నాను, నాకు సహాయము ఎక్కడనుండి వచ్చును?” రేపల్లె సీమలో కొండ అన్నది కంటికి ఆనదు. ఎటు చూసినా చదునే. కాబట్టి కొండంటే ఆకాశాన్ని తాకేదేదో అనుకుంటూ బతికింది. మా మేనత్తని బెజవాడ ఆసుపత్రిలో చేర్పించినప్పుడు మొదటిసారి అక్కడి కొండలు చూసింది. కాసేపు తేరిపార చూసి, “ఇంతేనా? మా ఆసామి గడ్డివామే నయం” అంది. ఆ తర్వాత అదే కీర్తన చెప్పేటప్పుడు రెండో వచనం మీద గొంతు ఎక్కువ నిలిపేది. సహాయం కొండల వల్ల కాదు, వాటిని చేసినవాడి వల్ల అన్న వచనం మీద.

ఆదివారం గుడి గంట రెండోసారి కొట్టగానే ఆడవాళ్లందరూ బయల్దేరేవాళ్లు, కొంగు కింద డబ్బా పెట్టుకుని. బలిపీఠం పక్కన పెద్ద గంప ఉండేది. కానుకల వేళకి వరసగా వెళ్లి అందులో పోసేవాళ్లు. ఆరాధన అయ్యాక గుడి అరుగు మీద వేలం. గుమ్మడికాయ, కోడిపెట్ట, గుడ్లు, తొలి కాపు వంకాయలు, చివరికి గంపెడు బియ్యం. ఆ బియ్యం పాడుకోవడానికి ఎవరూ ఎగబడేవాళ్లు కాదు. ఎందుకంటే ఒక్కో ఇంటి బియ్యం ఒక్కో రకం. మసూరి, దంపుడు బియ్యం, రేషన్ లావు బియ్యం, పాతవి, కొత్తవి, నూకలు, అన్నీ కలిసిపోయి ఉంటాయి. కొత్త బియ్యం మెత్తబడిపోయి జావవుతుంటే పాత బియ్యం పలుకు విడవవు. ఎంత నేర్పరి వండినా సగం ముద్ద, సగం బిరుసు. “దేవుడి బియ్యం దేవుడే వండాలి” అని గొణిగేవాళ్లు పాడుకున్నవాళ్లు. పాడేవాళ్లు లేని వారం ఆ గంప అయ్యగారింటికో, పేట చివర ఒంటరిగా ఉండే ముసలమ్మ ఇంటికో పోయేది.

ఓసారి ఈస్టరుకి ముందొచ్చే శ్రమకాలం ఆరాధనలో అయ్యగారు, యేసు ఇంటికొచ్చినప్పటి అక్కచెల్లెళ్లు మార్త, మరియల గురించి చెప్పారు. మరియ ప్రభువు పాదాల దగ్గర కూర్చుంది, మార్త వంట పనిలో పడి మంచి భాగం పోగొట్టుకుంది, మనం మరియలా ఉండాలి అని. ఆడవాళ్లంతా బుద్ధిగా తలూపారు. ఇంటికొస్తూ నాయనమ్మ కాలవ గట్టు మీద ఆగింది. “వంట చేసినందుకా ప్రభువు మార్తని అన్నది? కాదు. వంట చేస్తా చెల్లెలి వంక చూసినందుకు. చెయ్యి కుండలో ఉంది, కన్ను దాని మీద ఉంది. నాకు సాయం చెయ్యమని చెప్పు అంటా ఆయనకే పురమాయించింది చూడు!” అంది. మా అమ్మ గబుక్కున చుట్టూ చూసింది, ఎవరైనా విని అయ్యగారికి చేరవేస్తారేమోనని.

తర్వాత్తర్వాత ఆ భాగం మీద చాలామంది పెద్దల ప్రసంగాలు విన్నాను. “నీవనేకమైన పనులనుగూర్చి విచారము కలిగి తొందరపడుచున్నావు” అన్న వాక్యాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చెప్పారు. కాలవ గట్టు మీద విన్నదానికి మించింది ఇప్పటిదాకా తగల్లేదు.

1977 తుఫాను సంగతి చెప్పకుండా ఆ డబ్బా కథ పూర్తి కాదు.

నవంబరు 19, శనివారం. చేలు కోతకొచ్చి ఉన్నాయి. పొద్దుట్నుంచే గాలి తీరు బాగాలేదు. సాయంత్రానికి తాటాకు కప్పులు లేచిపోయేటట్టుంటే అయ్యగారు కుర్రాళ్లని పంపి పేట మొత్తాన్నీ గుళ్లోకి రమ్మన్నారు. పేటలో ఇటుక గోడలున్నది గుడి ఒక్కదానికే. రాత్రంతా పెంకులు ఎగిరిపడుతున్న చప్పుడు, పిల్లల ఏడుపులు, తడిసిన కోళ్ల కంపు. పెద్దవాళ్లు గొంతెత్తి పాడుతున్నా పక్కవాళ్లకి వినబడేది కాదు. తెల్లారితే ఆదివారం. గంటలాయన గంట కొట్టలేదు. కొట్టాల్సిన పనేముంది, అందరం లోపలే ఉన్నాం.

ఏటికి అవతల దివిసీమని సముద్రం ముంచెత్తిందన్న కబురు మాకు తర్వాత తెలిసింది. చనిపోయినవాళ్లు సర్కారు లెక్కలోనే 10,000 దాకా తేలారు. మా పేట సముద్రానికి దూరంగా ఉంది కాబట్టి మనుషులం మిగిలాం. ఇళ్లకెళ్లి చూస్తే కప్పుల్లేవు. బానల్లోకి నీళ్లు దిగి బియ్యం ఉబ్బిపోయి ఉన్నాయి. చేలన్నీ పడిపోయి నీళ్ల కింద పరుపులా కనబడుతున్నాయి. పడిన తాటిచెట్లు దాటుకుంటూ రోడ్డు మీదికి పోవడమే గగనంగా ఉంది.

కానీ అది శనివారం తర్వాతి పొద్దు. ఆ రోజే గుడికి తీసుకెళ్లాల్సిన వారం బియ్యం ఇంటింటా డబ్బాల్లో నిండి ఉన్నాయి. డాల్డా డబ్బాలు, పాలపొడి డబ్బాలు, అన్నీ బిగుతు మూతలవి. కొన్ని నీళ్లలో తేలుతూ కూడా దొరికాయి. మూత తీస్తే లోపల పొడి బియ్యం. అయ్యగారు సంఘపెద్దలతో ఓ పక్కన నిలబడి మాట్లాడి వచ్చి, డబ్బాలన్నీ తెమ్మన్నారు. గంపలో పోయించి ప్రార్థన చేసి, వండమన్నారు. ఆయన వంటింటి అటక మీద కాసిని కట్టెలు పొడిగా మిగిలాయి. పెళ్లిళ్లకి వాడే గుండిగ గుడి వెనకే ఉండేది.

నాయనమ్మ చేట పట్టుకుని గంప ముందు కూర్చుంది. ఏరడం అయింది. గుండిగలో ఎసరు మరుగుతోంది. పొయ్యి చుట్టూ ఆకలి మొహాలు. ఆమె కుడిచెయ్యి చేటలో పెట్టి గుప్పిట మూసి పైకెత్తింది.

“అది దేవుడి బియ్యమే గదా నాయనమ్మా! మళ్లీ తీస్తావేం?” అన్నాను నేను.

“వండేది నేనే గదే” అంది.

అరచెయ్యి తెరిచి చూసింది, ఎప్పటిలాగే. మేకలమ్మ గుడి గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఆవిడ మేకలు ఒక్కటీ మిగల్లేదు. నాయనమ్మ ఆవిడ వంక చూడకుండానే గుప్పిట మూసింది. “ప్రభువా, మేకలమ్మ మేకలు.”

ఆ గుప్పెడు ఖాళీ డబ్బా అడుగున పడిన చప్పుడు నాకు గుర్తు. వచ్చే ఆదివారానికి అదే మొదటి గుప్పెడు. బైబిల్లో కరువు తీరేదాకా పిండి తరగని సారెపతు విధవరాలి కథలో తొట్టిలో మిగిలిన పట్టెడు పిండి గురించి గుళ్లో విన్నప్పుడల్లా నాకు తొట్టి బదులు ఆ సొట్ట డబ్బానే కనబడుతుంది. మా బియ్యం మటుకు అద్భుతంగా పెరగలేదు. అవి రెండు పూటలకి అయిపోయాయి, తర్వాత లారీల్లో సాయం వచ్చేదాకా అందరం పస్తులే.

నేను గుంటూరులో నర్సింగ్ చదివాను. 1883లో అమెరికా నుంచి వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ మొదలుపెట్టిన ఆసుపత్రిలో. డ్యూటీ ఎక్కేముందు చాపెల్లో ప్రార్థన ఉండేది. పాట, వాక్యం, ప్రభువు ప్రార్థన. తెల్లటి యూనిఫాంలో నిలబడి అందరితో కలిసి అంటుంటే బాగానే ఉండేది. వార్డులోకి అడుగు పెట్టిన పది నిమిషాలకి అంతా ఆవిరైపోయేది. ఒక బెడ్డు దగ్గర సెలైన్ అయిపోతుంటుంది, ఇంకో బెడ్డు దగ్గర బంధువులు అరుస్తుంటారు, డాక్టరుగారు రౌండ్సుకి వచ్చేస్తుంటారు. ప్రార్థన పొద్దుట చాపెల్లోనే ఉండిపోయి, నేను ఇక్కడ ఉన్నట్టుండేది. యెడతెగక ప్రార్థన చేయుడి అని బైబిల్లో రాసిన అపొస్తలుడు పౌలు ఎప్పుడూ జనరల్ వార్డులో నైట్ డ్యూటీ చెయ్యలేదు అనుకునేదాన్ని.

నర్సుకి వంట లాంటి తప్పని పని ఏంటో తట్టడానికి నాకు కొంతకాలం పట్టింది. చేతులు కడుక్కోవడం. ఒక రోగిని ముట్టుకునే ముందు, ముట్టుకున్నాక. షిఫ్టులో ఎన్నిసార్లో లెక్కుండదు. సబ్బూ నీళ్లతో సరిగ్గా కడుక్కోవాలంటే 40 నుంచి 60 సెకన్లు పట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అరచేతులు, చేతుల వెనక, వేళ్ల సందులు, బొటనవేళ్లు, గోళ్ల కొనలు. గుప్పెడు బియ్యం తియ్యడానికి నాయనమ్మకి కూడా ఇంచుమించు అంతే పట్టేది. కుళాయి తిప్పగానే ఒక మనిషి, ఒక మాట. “ప్రభువా, పదకొండో బెడ్డు ఊపిరి.” “ప్రభువా, బాలింత జ్వరం.” పెదవులు కూడా కదలక్కర్లేదు. దాంతో ఇంకో లాభం కూడా జరిగింది, చేతులు ఎప్పుడూ హడావిడిగా కడగలేదు. నా కింద పనిచేసిన పిల్లలు “సిస్టర్ చేతులు కడిగితే కుళాయికే విసుగొస్తుంది” అని నవ్వుకునేవాళ్లు.

ఇక్కడా మేకలమ్మలు తగిలారు. డ్యూటీలు వేసేటప్పుడు నాకు పండగలన్నీ నైట్ వేసిన ఒకావిడ ఉండేది. ఆవిడ పేరు దగ్గర రెండో మాట రావడానికి చాలా సబ్బు ఖర్చయింది.

కొవిడ్ రెండో అల, 2021 ఏప్రిల్, మే. పీపీఈ కిట్టు వేసుకున్నాక నీళ్లు తాగడానికి లేదు, మొహం తుడుచుకోవడానికి లేదు, ఒంటి మీద చెమట కాళ్ల దాకా కారేది. బయటి చేతి తొడుగులు మార్చి శానిటైజర్ రాసుకునేది మాత్రం ప్రతి రోగి దగ్గరా ఉండేది. ఇరవై ముప్ఫై సెకన్లు. అద్దాలకి ఆవిరి పట్టి ఎదుటి మొహాలు కూడా సరిగ్గా కనబడేవి కావు, బెడ్డు నంబర్లే. ఆ రోజుల్లో నేను పెద్ద విశ్వాసంతో ప్రార్థించానని చెప్పలేను. ఏమీ అనిపించేది కాదు. చెయ్యి ఆ పని చేసేది, నోరు ఆ రెండు మాటలూ అనేది. అదీ లేకపోతే ఆ రెండు నెలలు దేవుడు నా నోట్లోకి వచ్చేవాడే కాదు.

వెల్లూరులో ఓ శిక్షణకి వెళ్లినప్పుడు మిజోరం నుంచి వచ్చిన నర్సు పరిచయమైంది. మాటల్లో ఈ గుప్పెడు బియ్యం సంగతి చెబితే ఆ పిల్ల ఎగిరి గంతేసింది. వాళ్ల ప్రెస్బిటేరియన్ సంఘాల్లో ఆడవాళ్లు 1910 నుంచీ ఇదే చేస్తున్నారట. ప్రతి ఇంట్లో వంటకి ముందు గుప్పెడు పక్కన పెట్టడం, ఆడవాళ్లే పోగు చెయ్యడం, అమ్మగా వచ్చిన డబ్బు సంఘం పనికి పోవడం. “మీ దగ్గర ఇంకా ఉందా?” అని అడిగింది. మా పల్లెలో ఉందని చెప్పాను. గుంటూరులో మా గుడి సంగతి అడిగితే మాట మార్చాను.

నాయనమ్మ చివరి ఏళ్లు నా దగ్గరే గడిచాయి. అప్పటికి మతిమరుపు ముదిరింది. నన్ను మా మేనత్త పేరుతో పిలిచేది. అన్నం తిని అరగంట కాకుండానే తినలేదనేది. వంటింట్లోకి రానిస్తే గ్యాస్ పొయ్యి తిప్పేస్తుందని భయం. కానీ నేను కుక్కర్‌కి బియ్యం కొలుస్తున్న చప్పుడు వినబడితే చాలు, గోడ పట్టుకుని వచ్చేసేది. గిన్నెలో చెయ్యి పెట్టి గుప్పిట మూసి, పైకెత్తి, జారేవి జారాక, తెరిచి చూసేది. ఇప్పుడా బియ్యంలో ఏరడానికేమీ ఉండదు, అయినా చూసేది. తర్వాత చేతికందిన డబ్బాలో వేసేది. పంచదార డబ్బాలో బియ్యం, కందిపప్పులో బియ్యం. ఓ రోజు మా ఆయన కాఫీ కప్పు అడుగున నాలుగు గింజలు తేలాయి. “ఈ కానుక నా వాటాకి వచ్చినట్టుంది” అని తాగేశారాయన.

మనుషుల పేర్లూ ముఖాలూ పోయినా చేతి అలవాట్లు ఇంకా చాలాకాలం నిలుస్తాయని నర్సుగా నాకు తెలుసు. మెదడులో వాటి చోటు వేరు. తెలియడం వేరు, సొంత వంటింట్లో చూడటం వేరు. రెండు మాటలూ అలాగే ఉన్నాయి, మనుషులే కలిసిపోయారు. గంటలాయన దగ్గు, మేకలమ్మ మేకలు, ఎప్పుడో పోయిన మా తాత కళ్లు. మేం లూథరన్లం, చనిపోయినవాళ్ల కోసం ప్రార్థన చెయ్యం. చూడటానికి వచ్చిన అయ్యగారు ఓసారి అది విన్నారు. నేను ఆయన మొహం చూశాను. ఆయన ఏమీ అనకుండా, “అవ్వా, నా మోకాళ్లు కూడా చెప్పండి” అన్నారు. చెప్పింది. ఆ అయ్యగారంటే నాకు అప్పట్నుంచీ గౌరవం.

ఇప్పుడు మా గుళ్లో కానుకల సంచీ పక్కన క్యూఆర్ కోడ్ అట్ట పెట్టారు. నెలవారీ కానుకకి ఆటోపే కూడా పెట్టుకోవచ్చు. సంఘం లెక్కలకి అది మంచిదే, ట్రెజరర్ గారికి తలనొప్పి తగ్గింది. నాకు మాత్రం ఒప్పదు. ఆటోపే పెట్టాక కానుక ఇచ్చేది బ్యాంకు, నా చేతికి తెలియదు. నెలకోసారి ఫోనుకి మెసేజ్ వస్తుంది, పాల బిల్లు మెసేజ్ పక్కనే. పొద్దున్నే గ్రూపుల్లో వచ్చే వచనాల బొమ్మలూ అంతే. సూర్యోదయం, గులాబీ పువ్వు, కింద వాక్యం. వచ్చినవి వచ్చినట్టు ముందుకి తోసేస్తాం, చదివినవాళ్లెందరు?

అందుకే పోయిన నెల స్త్రీల సమాజంలో గుప్పెడు బియ్యం మళ్లీ మొదలుపెడదామన్నాను. పాతవాళ్లు వెంటనే ఒప్పుకున్నారు. కుర్ర కోడళ్లకి సందేహాలు. “కుక్కర్‌కి కప్పుతో కొలుస్తామాంటీ, గుప్పెడు తీస్తే నీళ్ల లెక్క తప్పదా?” అని ఒకమ్మాయి. తీశాకే నీళ్లు పొయ్యమన్నాను. “స్విగ్గీలో తెప్పించుకున్న పూట?” అని ఇంకొకామె. ఆ పూట రెండు మాటలు చాలన్నాను. అసలు చిక్కు ఎక్కడొచ్చిందంటే, మా సమాజంలో సగం మందికి షుగరు. అన్నం మానేసి ఏళ్లయింది. ఒకరు రాగి సంగటి, ఒకరు జొన్న రొట్టె, కొర్రలు తినేవాళ్లు ముగ్గురు, ఓట్స్ ఒకావిడ. గంట సేపు వాదించుకుని, ఎవరింట్లో పొయ్యెక్కేది ఏదైతే అందులోంచే గుప్పెడు అని తీర్మానం రాశారు.

వచ్చే ఆదివారం మొదటి వేలం. గంప మా ఇంట్లోనే ఉంది, మూత తీసి చూశాను. సోనా మసూరి, రేషన్ బియ్యం, రాగులు, కొర్రలు, పైన తెల్లగా ఓట్స్. దీన్ని పాడుకునేవాళ్లు ఎవరో, పాడుకుని ఏం వండుకుంటారో చూడాలి. జావ కాయడానికి పనికొస్తుందని మా ఆయన అంటున్నారు. అయితే మీరే పాడండి అన్నాను.